కంప్యూటర్లో గడులు గీసేది ఎవరు?

“కంప్యూటర్లో నీ పేరు లేదు.”

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఈ మాట వినని మాలపేట, మాదిగపేట, రెల్లివీధి ఏదైనా ఉంటే మాకు చూపించండి. డి-పట్టా కాగితం కొంగున కట్టుకెళ్ళిన ముసలమ్మకి ఇదే మాట. పింఛను ఆగిపోయిన వితంతువుకి ఇదే మాట. ఉపాధి పనిలో మట్టి మోసి మోసి వేళ్ళు అరిగిపోయి, వేలిముద్ర పడక కూలి రానోడికి ఇదే మాట. 2023 జనవరి నుంచి ఆ పనిలో రోజుకి రెండుసార్లు ఫోటో తీసి ఫోనులో ఎక్కిస్తేనే హాజరన్నారు. సిగ్నలు అందని కొండవార ఊళ్ళో పొద్దున్నుంచీ గునపం పట్టినా, ఫోటో ఎక్కకపోతే పని చేసినట్టు కాదు.

పూర్వం ఈ మాట కరణం చెప్పేవాడు. “దస్త్రంలో లేదురా” అనేవాడు. 1984లో కరణం, మునసబు పదవులు రద్దు చేసినప్పుడు మన పెద్దోళ్ళు పీడ విరగడైందనుకున్నారు. కరణం పోయాడు గాని దస్త్రం పోలేదు. కరణాన్నయితే ఇంటికెళ్ళి నిలదీయొచ్చు. నలుగురం పోగయి ఆయన అరుగు ముందు కూచోవచ్చు. కంప్యూటర్ని ఎక్కడ నిలదీస్తాం? దాని అరుగు ఏ ఊళ్ళో ఉంది?

ఈ సంచికలో మేం చదువు గురించి రాస్తున్నాం. అందులోనూ పట్నం యూనివర్సిటీలో కంప్యూటర్ సైన్సు పైచదువు గురించి. ఎంసీఏ, ఎమ్మెస్సీ, ఎంటెక్, పీహెచ్‌డీ. “పూటకి గంజి లేనోళ్ళకి పీహెచ్‌డీలేటి మేష్టారూ” అని మొన్నొక సమావేశంలో మన కార్యకర్తే అన్నాడు. ఆ తమ్ముడికి అక్కడ జవాబు చెప్పలేకపోయాం. ఇంటికొచ్చాక తోచినది ఇక్కడ రాస్తున్నాం.

మేం మా ఇళ్ళలో మొట్టమొదట డిగ్రీ ముఖం చూసినవాళ్ళం. ఆ రోజుల్లో కంప్యూటరు గది అంటే గుడి లాంటిది. అద్దాల తలుపు, లోపల ఏసీ, కింద తివాచీ. బయట చెప్పులు విడిచి లోపలికి పోవాలి. పెద్దవీధిలోంచి పోవాలంటే చెప్పులు చేతపట్టుకొని నడిచిన తండ్రుల బిడ్డలం మేం. కంప్యూటరు దగ్గరా చెప్పులు విడవాలా అనుకున్నాం. అయితే ఒక తేడా ఉంది, అక్కడ పెద్దవీధి పిల్లలూ మాతోపాటే విడిచారు. లోపలికెళ్ళాక మళ్ళీ పాత కథే. ఒక్కో పెట్టె ముందు నలుగురు. ముందు కూచున్నోడి చేతిలో కీబోర్డు. వెనక నిలబడి చూసినోళ్ళం మేం. ఆర్నెల్ల కోర్సు పూర్తయ్యేసరికి మౌసు ఎన్నిసార్లు ముట్టుకున్నామో వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. సర్టిఫికెట్టు మాత్రం ఇచ్చారు. తర్వాత బీఈడీ చేశాం, మేష్టర్లమయ్యాం, అక్కడితో ఆగిపోయాం.

మా తర్వాతోళ్ళు ఆగలేదు. 2008 తర్వాత ఫీజు రీయింబర్స్‌మెంటు పుణ్యమా అని పేటకి ఇద్దరో ముగ్గురో బీటెక్ గడప ఎక్కారు. ఎక్కువమంది కంప్యూటర్లే. సంతోషమే. మరి దిగాక ఎటు పోయారు? హైదరాబాదు అమీర్‌పేటలో ఇరుకు గదిలో ఆరుగురు కలిసి ఉండి, జావా అని, టెస్టింగ్ అని ఆరేసి నెలలు కోర్సులు నేర్చి, కొందరు ఉద్యోగాల్లో పడ్డారు. కొందరు కాల్‌సెంటర్లో రాత్రి పని చేస్తన్నారు. కొందరు తిరిగొచ్చి మీసేవలో టైపు కొడతన్నారు. బీటెక్ పాసై చెన్నైలో అన్నతోపాటు సెంట్రింగు పనికి పోయిన కుర్రాణ్ణీ మేం ఎరుగుదుం. వీళ్ళలో ఎవరినైనా “ఎంటెక్ ఎందుకు రాయలేదు బాబూ?” అని అడగండి. “అది రాయొచ్చని ఎవరూ చెప్పలేదు మేష్టారూ” అంటారు.

ఎవరు చెప్పాలి? మేమే చెప్పాలి. మాకే తెలియదు.

కరణం చేతి అడంగల్ చూసినోళ్ళకి తెలుసు, అందులో గడులుంటాయి. సర్వే నంబరు, విస్తీర్ణం, పట్టాదారు, అనుభవదారు. అనుభవదారు అనే గడి ఉంది కాబట్టి భూమిలో నిజంగా దున్నుతున్నోడి పేరు ఎక్కడానికి కనీసం ఒక చోటుంది. పేరు రాయనన్న కరణంతో కొట్లాడాం. ఆ గడే గీయకపోతే ఎవరితో కొట్లాడేవాళ్ళం? లేని గడిలో పేరెలా రాయించేవాళ్ళం? కంప్యూటర్లో ఇలాంటి గడులు గీసే విద్యని డేటాబేస్ అంటారు. ఏ గడి ఉండాలి, ఏది ఖాళీగా వదలొచ్చు, రెండు పేర్లు సరిపోకపోతే మిషను ఒప్పుకోవాలా వద్దా, వేలిముద్ర పడకపోతే ఇంకో దారి ఉండాలా వద్దా, ఇవన్నీ ఎవరో ఒక మనిషి ఒక గదిలో కూచుని తేల్చినవే. “మిషను ఒప్పుకోవడం లేదు” అంటారు చూడండి, మిషను ఎవరినీ కాదనదు. కాదనమని దానికి ఎవరో చెప్పి పెట్టారు.

మీసేవలో కూచున్న మన పిల్లడు గడులు నింపుతాడు. గడులు గీసినోడు ఎక్కడో ఉన్నాడు. ఆ ఇద్దరి మధ్య దూరం ఒక్క డిగ్రీ అని మేం అనడంలేదు. బీటెక్‌లోనూ ఆ పాఠం ఉంది. కాని మన పిల్లలు చదివే కాలేజీల్లో దాన్ని పరీక్షకోసం బట్టీపట్టించి వదిలేస్తారు. ఎంటెక్ చేసినోళ్ళందరూ గడులు గీసే కుర్చీలోకి పోతారనీ అనడంలేదు. అయితే ఆ కుర్చీలున్న గదుల్లోకి పోయే తలుపుల్లో ఇదొకటి. ఈ తలుపు దగ్గర ఇంకా రిజర్వేషను ఉంది. ప్రైవేటు కంపెనీ తలుపు దగ్గర లేదు. ఆ తేడా గుర్తుంచుకోండి.

ఇప్పుడు డబ్బు సంగతి. పైచదువంటే ఇంట్లోంచి డబ్బు పోవడమే అని మన తల్లిదండ్రులు భయపడతారు. గేట్ అనే పరీక్ష ఒకటుంది. ఐఐటీలు, బెంగుళూరు ఐఐఎస్‌సీ కలిసి ఏటా ఫిబ్రవరి ప్రాంతంలో పెడతాయి. దరఖాస్తులు ముందు ఏడాది ఆగస్టు, సెప్టెంబరు నెలల్లోనే మొదలవుతాయి. ఎస్సీ, ఎస్టీలకి, ఆడపిల్లలందరికీ ఫీజు సగం. మూడు గంటల పరీక్ష, వంద మార్కులు, స్కోరు మూడేళ్ళు చెల్లుతుంది. కంప్యూటర్ సైన్సులో 2024లో జనరల్ వాళ్ళకి 27.6 మార్కులొస్తే అర్హత, ఎస్సీ, ఎస్టీలకి 18.4. అంటే వందకి పంతొమ్మిది తెచ్చుకున్నా అర్హత వచ్చింది. అర్హత వేరు, సీటు వేరు. మంచి చోట సీటుకి ఇంకా చాలా రావాలి. ఈ స్కోరుతో ఎంటెక్‌లో చేరినవాళ్ళకి చదువుకుంటున్నన్నాళ్ళూ నెలనెలా ఉపకారవేతనం ఉంది. 2015లో దాన్ని 12,400 రూపాయలు చేశారు. పీహెచ్‌డీలో జేఆర్ఎఫ్ వచ్చినోళ్ళకి 2023 జనవరి నుంచి నెలకి 37,000. ఎస్సీ పరిశోధకులకి ప్రత్యేకంగా జాతీయ ఫెలోషిప్పు 2005 నాటినుంచి నడుస్తోంది. మన పేటలో నెలకి 37,000 ఎవరికొస్తన్నాయో చెప్పండి. చదువుకుంటే కూలి ఇచ్చే చోటుందని మన అమ్మానాన్నలకి ఎవరు చెప్పారు?

పెద్దవీధి ఇళ్ళలో ఇవన్నీ ఎవరూ చెప్పనక్కర్లేదు. మావయ్య చదివుంటాడు, పిన్ని కొడుకు చదువుతుంటాడు. అన్నం తింటూ తెలిసిపోతాయి. మన ఇళ్ళలో అన్నం దగ్గర వినబడేది రేపు పని ఉందా లేదా అన్న మాటే.

ఒక ఆడపిల్ల సంగతి చెబుతాం. ఊరు, పేరు చెప్పం. విజయనగరం జిల్లా. తండ్రి జూట్ మిల్లు కార్మికుడు, మిల్లు మూతపడ్డాక ఏ పని దొరికితే ఆ పని. బీటెక్ అయ్యాక ఆ పిల్ల రెండేళ్ళు ఇంట్లోనే ఫోనులో పాఠాలు వింటూ గేట్ రాసింది. రెండోసారికి అర్హత వచ్చింది. పట్నంలో ఒక యూనివర్సిటీలో సీటొచ్చింది. సీటు ఖాయం చేసుకోడానికి అయిదు రోజుల్లో డబ్బు కట్టాలన్నారు. తల్లి చెవి దుద్దులు పోయాయి. అవి చాలక స్వయంసహాయక సంఘం అప్పు. ఆఖరి రోజు సాయంత్రం కట్టారు.

అందరికీ అలా అందదు. 2024 జూన్లో ఉత్తరప్రదేశ్ ముజఫర్‌నగర్ జిల్లా దళిత కూలి కొడుకొకడికి ధన్‌బాద్ ఐఐటీలో బీటెక్ సీటొచ్చింది. 17,500 రూపాయలు గడువులోగా కట్టలేక సీటు పోయింది. ఊరంతా చందా వేసి డబ్బు తెచ్చేసరికి నిమిషాల్లో వెబ్‌సైటు మూసుకుపోయింది. ఆ పిల్లడు సుప్రీంకోర్టు దాకా పోతే, సెప్టెంబరు 30న కోర్టు తన ప్రత్యేక అధికారం వాడి సీటిప్పించింది. సుప్రీంకోర్టు దాకా పోలేక ఊరుకున్నోళ్ళు ఎందరో! ఇక్కడా మిషనే ఒప్పుకోలేదు చూడండి.

మన ఆడపిల్ల దగ్గరికొద్దాం. మొదటిరోజు తరగతిలో పేరు, ఊరు చెప్పమన్నారు. పక్కనే “గేట్ ర్యాంకెంత?” అన్నారు. కులం అడక్కుండా కులం అడగడం అంటే ఇదే. ఆమె చెప్పింది. ఆ రోజు నుంచి ల్యాబులో జట్టు కట్టేటప్పుడు ఆమె మిగిలిపోయేది. హాస్టల్లో చోటు దొరికేదాకా బయట గది వెతుక్కుంటే ఇంటామె ఇంటిపేరు అడిగి, “మా చుట్టాలొస్తన్నారమ్మా” అంది. ఉపకారవేతనం మొదటి అయిదు నెలలూ రాలేదు. మెస్సు బిల్లు మాత్రం నెలనెలా వచ్చింది.

ఇది కొత్తా? అంబేద్కర్ 1913లో బరోడా సంస్థానం ఇచ్చిన నెలకి పదకొండున్నర పౌన్ల స్కాలర్‌షిప్పుతో అమెరికా పోయి, కొలంబియా యూనివర్సిటీలో చదివి, 1917లో బరోడా కొలువుకొస్తే ఆ ఊళ్ళో తల దాచుకోను గది దొరకలేదు. పార్శీ సత్రంలో పేరు దాచి దిగితే, కర్రలు పట్టుకొచ్చి వెళ్ళగొట్టారు. నూరేళ్ళు దాటిపోయాయి. మన పిల్లని కర్రలతో తరమలేదు, చుట్టాలొస్తన్నారన్నారు. అంతే మార్పు.

2016 జనవరి 17న హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో రోహిత్ వేముల చనిపోయేనాటికి అతనికి రావలసిన ఏడు నెలల ఫెలోషిప్పు అందలేదు. లక్షా డెబ్బయ్యయిదు వేలు. అతని గురించి మనం ఊరూరా సభలు పెట్టాం, పాటలు కట్టాం. కాని ఆ ఏడు నెలల లెక్కని పట్టుకొని, మన జిల్లాల నుంచి యూనివర్సిటీలకి పోయిన పిల్లల్లో ఎవరికి ఎన్ని నెలలు బాకీ ఉందో మనం రాసుకున్నామా? రాసుకోలేదు. సభ పెట్టడం మనకి తెలిసిన పని. లెక్క రాసుకోవడం తెలియని పని.

మొన్న దసరాకి ఆ పిల్ల ఇంటికొచ్చింది. ఒక కంపెనీలో నెలకి ఇరవై వేల ఉద్యోగం వస్తదని, ఎంటెక్ ఆపేసి చేరిపోతానంది. తల్లి మా దగ్గరికొచ్చి, “ఏటి సెయ్యమంటారు మేష్టారూ, ఆపీమంటారా?” అని అడిగింది. ఆపొద్దన్నాం. అనడం తేలిక. మాకు ఒకటో తారీఖున జీతం పడతది. ఆమెకి సంఘం అప్పు కిస్తీ పడతది. తల్లి ఏం అనలేదు, మా ముఖం చూసింది. అప్పుడు సిగ్గేసి, ముగ్గురు మేష్టర్లం కలిసి ఆర్నెల్ల మెస్సు డబ్బులు పోగుచేశాం. దానం కాదిది. మేం చదువుకున్నప్పుడు సోషల్ వెల్ఫేర్ హాస్టల్లో తిన్న అన్నం బాకీ.

ఆమె ఏం పని చేస్తోందో మేం అప్పుడే అడిగి తెలుసుకున్నాం. మాట్లాడితే రాసిపెట్టే యంత్రాలొచ్చాయి కదా, ఫోనులో తెలుగులో చెబితే అక్షరాలు పడతాయి. హైదరాబాదులో ట్రిపుల్ ఐటీ, కేంద్రీయ విశ్వవిద్యాలయం లాంటి చోట్ల కంప్యూటరుకి తెలుగు నేర్పే పని చాన్నాళ్ళుగా జరుగుతోంది. 2022లో కేంద్రప్రభుత్వం భాషిణి అని ఒకటి మొదలుపెట్టింది, అన్ని భాషలకీ. రేపు ఆఫీసుల్లో అర్జీలు కూడా ఇలా నోటితో చెప్పే రోజొస్తుంది. ఈ పిల్ల తన ఫోను వాళ్ళ నానమ్మ నోటిముందు పెట్టింది. “నానేటి సేసేది, నా పించినీ ఎలిపోనాది” అని నానమ్మ చెప్పింది. ఫోను ఏదో రాసింది, అందులో పింఛనూ లేదు, నానమ్మా లేదు. ఆ మిషనుకి ఎవరి తెలుగు నేర్పారు? ఎవరి నోళ్ళు వినిపించారు? పత్రికల తెలుగు, చదువుకున్నోళ్ళ తెలుగు ఎక్కువ వినిపిస్తే దానికి అదే వస్తది. మన ‘ఏటి’, మన ‘అలగే’ దాని చెవినెక్కవు.

ఈ పిల్ల ఇప్పుడు ఉత్తరాంధ్ర పేటల మాట పోగుచేసి, మిషనుకి వినిపించి నేర్పే పని తన థీసిసుకి పెట్టుకుంది. గైడు మొదట పెదవి విరిచాడంట, యాసలమీద ఎంటెక్కేమిటని. ఆమె లెక్కలు వేసి, మిషను వాళ్ళ నానమ్మ మాటలో ఎన్ని తప్పులు పోతోందో, గైడు మాటలో ఎన్ని పోతోందో పక్కపక్కన పెట్టి చూపించింది. ఒప్పుకున్నాడు. పెద్దవీధి పిల్లకి ఈ ప్రశ్న తడుతుందా? తడితే తట్టొచ్చు, కాదనం. కాని ఇన్నేళ్ళూ తట్టలేదు.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. పైకెళ్ళినోళ్ళు మళ్ళీ పేట ముఖం చూడరని మీరంటారు. కొందరు చూడరు. ఇంటిపేరు కత్తిరించుకున్నోళ్ళూ ఉన్నారు. వాళ్ళని తిట్టడానికి మాకు నోరు రాదు. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్ర ప్రభుత్వమే 2020 జూన్లో సిస్కో కంపెనీమీద కేసు వేసింది, దళిత ఇంజనీరుని అగ్రకుల మేనేజర్లు కులం చూసి తొక్కారన్న ఆరోపణతో. కంపెనీ కాదంది. 2023లో ఆ ఇద్దరు మేనేజర్లమీద కేసు ఎత్తేసి కంపెనీమీద మాత్రం ఉంచారు. అదే ఏడు ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కుల వివక్షని నిషేధిస్తూ చట్టం చేసింది. సముద్రాలు దాటి, పెద్ద చదువులు చదివి, లక్షలు సంపాదించే చోట కూడా కులం వెంటొస్తోందని చట్టం చేయవలసి వచ్చిందంటే, ఒంటరిగా పోయిన మన పిల్లడు పేరు దాచుకోకేం చేస్తాడు? ఒక్కణ్ణి పంపితే దాక్కుంటాడు. పదిమందిని పంపితే దాక్కోనక్కర్లేదు.

పదిమందిని పంపనిచ్చే ఏర్పాటుందా అంటే, దానికీ అడ్డుపుల్లలే. 2020 డిసెంబరులో వచ్చిన జీవో 77 ప్రైవేటు కాలేజీల్లో పీజీ చదివేవాళ్ళకి ఫీజు రీయింబర్స్‌మెంటు ఎత్తేసి, యూనివర్సిటీ, ప్రభుత్వ కాలేజీల వాళ్ళకే ఉంచింది. ఊరికి దగ్గర్లో ఎంసీఏ చేద్దామనుకున్న పిల్లలు ఆ దెబ్బకి ఆగిపోయారు. విద్యార్థి సంఘాలు రోడ్డెక్కాయి. మనం ఎన్ని ఊళ్ళలో దానిమీద కరపత్రం వేశాం? మా మండలంలో ఒక్కటీ వెయ్యలేదు. భూమి కోసం 2012 జూన్ 12న లక్ష్మీపేటలో అయిదుగురిని పోగొట్టుకున్న నేల మనది. భూమి అంటే కదులుతాం, కదలాలి కూడా. సీటు పోతే మాత్రం వాడి ఖర్మ అని ఊరుకుంటాం.

మనలో మనం చూసుకోవలసినదీ ఉంది. 2025లో రాష్ట్రంలో వచ్చిన వర్గీకరణలో రెల్లి తదితర పన్నెండు కులాలకి 1 శాతం అన్నారు. ఇరవై సీట్ల ఎంటెక్ తరగతిలో 1 శాతమంటే సీటులో అయిదో వంతు. అయిదో వంతు మనిషిని ఎలా కూచోబెడతారు? రోస్టరులో ఆ వంతు ఎప్పుడొస్తుందో, ఎవరు గీస్తున్నారో కాపలా కాయాలి. పట్నం వీధులూడ్చే రెల్లి తల్లుల బిడ్డ ఆ తరగతిలో కూచునేదాకా మాలలం, మాదిగలం మేం కూడా జవాబుదారులమే. ఇది కొందరికి నచ్చదని తెలుసు.

అందుకని ఈ ఆగస్టు నుంచి మేం ఒక పని మొదలెడుతున్నాం. రెండు జిల్లాల్లోనూ బీటెక్, బీఎస్సీ కంప్యూటర్లు, బీసీఏ ఆఖరి సంవత్సరాల్లో ఉన్న మన పిల్లల పేర్లు మండలాలవారీగా రాసుకుంటాం. గేట్, ఐసెట్ దరఖాస్తులు దగ్గరుండి వేయిస్తాం. సీటొచ్చినోళ్ళ కోసం చిన్న నిధి, ఆ అయిదు రోజులు దాటించడానికి. తర్వాత వాళ్ళు నెమ్మదిగా తిరిగి వేస్తారు. పట్నంలో ఉన్నోళ్ళ ఉపకారవేతనం ఎన్ని నెలలు ఆగిందో ఒక పుస్తకంలో రాస్తాం. ఉద్యోగాల్లో ఉన్న అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు నెలకి వంద రూపాయలివ్వండి చాలు.

వచ్చేటప్పుడు పదో తరగతి మార్కుల జాబితా, కులధ్రువీకరణ పత్రం, ఆధారు మూడూ తీసుకురండి. మూడింటిలోనూ పేరు అక్షరం పొల్లుపోకుండా ఒకేలా ఉందో లేదో ముందే చూసుకోండి. పోయినేడు మా దగ్గరికొచ్చిన ఒక కుర్రాడి పేరు ఒకచోట అప్పన్న, ఒకచోట అప్పడు. మిషను ఒప్పుకోలేదు. అప్పడు అని ఎవరు రాశారని పాత రిజిస్టరు తీయిస్తే, ఒకటో తరగతిలో చేర్పించిన మేష్టరు రాశాడు. ఆ రాత మాలో ఒకరిదే. పేటలో ఆ పిల్లణ్ణి అందరూ అలాగే పిలిచేవారు, మేమూ అలాగే రాసేశాం. ఇప్పుడు ఆ ఒక్క అక్షరం దిద్దించడానికి ఆఫీసుల చుట్టూ మేమే తిరుగుతున్నాం.